పేగు గోడలో రక్తస్రావం: అల్ట్రాసౌండ్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

గుండెలో లోహపు కవాటం అమర్చినవారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ గానీ, మన దగ్గర విరివిగా వాడే అసినోకౌమరాల్ గానీ జీవితాంతం వేసుకోవాలి. మందు ప్రభావం హద్దు దాటితే చిగుళ్ల నుంచో మూత్రంలోనో రక్తం పడవచ్చు. అరుదుగా అది చిన్నపేగు గోడ పొరల మధ్య చేరుతుంది. అప్పుడు కడుపునొప్పి, వాంతులే తప్ప బయటికి రక్తం కనిపించకపోవచ్చు. లక్షణాలు చూస్తే పేగు అడ్డుపడినట్టే ఉంటుంది కనుక అనవసరపు ఆపరేషన్ జరిగే ప్రమాదం ఉంది.

ఇక్కడ ముందుగా తోడ్పడేది అల్ట్రాసౌండ్. పొట్టపై దాని ప్రోబ్‌తో మెల్లగా అదిమితే మామూలు పేగు నలుగుతుంది. మామూలు పేగు గోడ మందం సాధారణంగా 3 మిల్లీమీటర్ల లోపే. రక్తం చేరిన భాగం అలా నలగదు. గోడ చుట్టూ ఒకే తీరుగా ఉబ్బి, తరచుగా 10 మిల్లీమీటర్లు దాటుతుంది. మధ్యలో దారి సన్నబడుతుంది, పేగు కదలిక మందగిస్తుంది. కలర్ డాప్లర్‌లో ఆ గోడలో రక్తప్రవాహం అంతగా కనబడదు.

అయితే ఈ గుర్తులు రక్తస్రావానికే ప్రత్యేకం కావు. రక్తసరఫరా ఆగిన పేగులోనూ గోడ ఉబ్బుతుంది, డాప్లర్‌లో ప్రవాహం తగ్గుతుంది. అక్కడ ఆలస్యం ప్రాణాంతకం. లింఫోమా, క్రోన్స్ వ్యాధి, మన దేశంలో తరచూ చూసే పేగు క్షయ కూడా గోడను మందం చేస్తాయి. పైగా పేగులో గాలి, ఊబకాయం చిత్రాన్ని మసకబారుస్తాయి. ఇప్పటివరకు ఉన్న ఆధారాల్లో ఎక్కువ భాగం ఒక్కో రోగి గురించిన నివేదికలు, చిన్న చిన్న బృందాల పరిశీలనలే. కాబట్టి అల్ట్రాసౌండ్ అనుమానాన్ని బలపరుస్తుందే గానీ, ఒక్కటే తీర్పు చెప్పలేదు.

ఆ అనుమానానికి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరును కొలిచే రక్తపరీక్ష) తోడు కావాలి. మైట్రల్ స్థానంలో లోహపు కవాటం ఉంటే ఐఎన్ఆర్ సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. బాగా మించి ఉంటే రక్తస్రావం వైపు మొగ్గు పెరుగుతుంది. నిర్ధారణకు సీటీ తీసేటప్పుడు ముందుగా కాంట్రాస్ట్ లేకుండా తీయాలి. తాజా రక్తం అందులో తెల్లగా తేలుతుంది. కాంట్రాస్ట్ ఎక్కించాక ఆ తేడా మరుగున పడవచ్చు.

నిర్ధారణ అయితే ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు. మందు ఆపి, పేగుకు విశ్రాంతినిచ్చి, అవసరాన్నిబట్టి విటమిన్ కె, ప్లాస్మా ఇస్తారు. కవాటంపై గడ్డ ఏర్పడకుండా కూడా చూసుకోవాలి గనుక గుండె వైద్యుల సలహా తప్పనిసరి. వాపు తగ్గుతున్న తీరును రేడియేషన్ లేకుండా పదేపదే చూడటానికి అల్ట్రాసౌండ్ ఎంతో అనువైనది.

అందుకే స్కానింగ్ చీటీపై ‘కడుపునొప్పి’ అని రాసి వదిలేయకూడదు. రోగి వాడే మందు పేరు, తాజా ఐఎన్ఆర్ కూడా రాస్తే, పరీక్ష చేసే వైద్యులు పేగు గోడను ప్రత్యేకించి చూస్తారు.