జావాలో క్లాసుల మధ్య సంబంధాలు

జావా ప్రోగ్రామింగు భాషలో ఒక క్లాసు మరొకదాని రకం కావచ్చు (ఇన్‌హెరిటెన్సు), లేదా ఒక ఆబ్జెక్టు మరొకదానిని సూచించవచ్చు (అసోసియేషను). మండలం జిల్లాలో భాగమే గాని, జిల్లాకు ఒక రకం కాదు. కనుక మండలం క్లాసులో జిల్లాకు రిఫరెన్సు ఉంచడమే సరైనది.

ఉదాహరణకు రాయపట్నం.మండలం.జిల్లా.పేరు అని చుక్కల వెంట వెళితే గ్రామం నుండి ధర్మపురి మండలానికి, అక్కడి నుండి జిల్లాకు చేరవచ్చు. 2016 అక్టోబరు 11న ధర్మపురి కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల జిల్లాలోకి మారింది. ఇందుకు మండలంలోని ఒక్క రిఫరెన్సు మారిస్తే చాలు. గ్రామాల ఆబ్జెక్టులను ముట్టుకోనక్కరలేదు. జిల్లా పేరును ప్రతి గ్రామంలోనూ రాసి ఉంచినట్లయితే అన్నింటినీ దిద్దవలసి వచ్చేది.

జిల్లా క్లాసులో మండలాల జాబితా కూడా ఉన్నపుడు రెండువైపులా మార్చాలి. లేనిచో అదేరోజు నిర్మల్ జిల్లాలో చేరిన భైంసా, ఆదిలాబాదు జాబితాలోనూ మిగిలిపోతుంది. గొలుసు మధ్యలో రిఫరెన్సు నల్ అయితే ప్రోగ్రాము నడుస్తుండగా నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వస్తుంది.