కరెంటు దెబ్బల్లోంచి పుట్టిన విద్య

ఆగిరిపల్లి చుట్టుపక్కల మామిడి తోటల్లో కరెంటు భయం కొత్తది కాదు. తడినేల మీద బోరు మోటారు స్టార్టరు, కొమ్మల పక్కనే సాగే తీగలు, కాయ కోసేవాళ్ల చేతిలో పొడవాటి గెడ. ఒక్క పొరపాటుకు గుండె ఆగిపోవచ్చు. ఆగిన గుండె పనిని చేతులతో చేసే సీపీఆర్ కూడా ఇలాంటి చావుల ఆరాలోనే పుట్టింది.

అమెరికాలో లైన్‌మెన్లు షాక్ కొట్టి చనిపోతుంటే, ఆ చావుల మీద పరిశోధనకు విద్యుత్ సంస్థలు డబ్బిచ్చాయి. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆ పనికి దిగిన విలియం కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజినీరు. 1958లో ఆయన దగ్గర పనిచేస్తున్న గై నికర్‌బాకర్ కంట ఒక సంగతి పడింది. ప్రయోగంలో కుక్క ఛాతీ మీద, గుండెను తిరిగి కొట్టించే షాక్ పలకల్ని గట్టిగా అదిమితే, కరెంటు ఇవ్వకముందే రక్తపోటు గీత పైకి లేస్తోంది. నొక్కుడుకే రక్తం పారుతోందన్నమాట! సర్జన్ జేమ్స్ జూడ్ తోడయ్యాడు. 1960లో ముగ్గురూ కలిసి వ్యాసం ప్రచురించారు. అప్పటిదాకా ఛాతీ కోసి గుండెను చేత్తో పిసకడమే డాక్టర్లకు తెలిసిన దారి. జర్మనీలో ఫ్రెడరిక్ మాస్ 1891లోనే ఛాతీ నొక్కి ప్రాణం నిలిపినా, లోకం ఆ మాట మరిచిపోయింది.

నోటితో ఊపిరి ఊదడం ఇంకా పాతది. నీళ్లలో మునిగినవాళ్లకు అలా చేయమని ప్యారిస్ సైన్స్ అకాడమీ 1740లోనే చెప్పింది. ఛాతీ నొక్కడం, ఊపిరి ఊదడం రెండింటినీ కలిపి నేర్పినవాళ్లలో డాక్టర్ పీటర్ సఫార్ ముఖ్యుడు. సాధన చేయడానికి బొమ్మ తయారుచేసిన ఆస్మండ్ లేర్డాల్ నార్వేలో ఆటబొమ్మల వ్యాపారి.

2024 మేలో, ఆగిరిపల్లికి దగ్గరే ఉన్న విజయవాడ అయ్యప్పనగర్‌లో ఆరేళ్ల బాబు కరెంటు షాక్‌తో పడిపోయాడు. తండ్రి చేతుల మీద ఎత్తుకుని పరుగెడుతుంటే, ఆ దారిన వెళ్తున్న డాక్టరమ్మ ఆపి, రోడ్డు మీదే పడుకోబెట్టి ఛాతీ నొక్కింది. పక్కనున్న వ్యక్తి చేత నోట్లో ఊపిరి ఊదించింది. కొన్ని నిమిషాలకు బిడ్డలో చలనం వచ్చింది.

ఆ ఊపిరి పిల్లలకు మరీ అవసరం. వాళ్లలో చాలాసార్లు ముందు శ్వాస ఆగి, తర్వాత గుండె ఆగుతుంది. పెద్దవాళ్లు ఉన్నట్టుండి కూలిపోతే, శిక్షణ లేనివాళ్లు ఛాతీ నొక్కినా మేలే. ఛాతీ నడిమి ఎముక కింది సగం మీద రెండు చేతులూ ఒకదానిపై ఒకటి పెట్టి, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. పిల్లలకు లోతు దాదాపు 5 సెంటీమీటర్లు, ఒక చేయి సరిపోవచ్చు. ఏడాది లోపు పసికందుకు 4 చాలు. ఊపిరి ఊదడం వచ్చినవాళ్లు ఒక్కరే ఉంటే, 30 నొక్కులకు రెండు ఊపిర్లు. పసికందుకు రెండు వేళ్లతో నొక్కే పాత పద్ధతిని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025లో పక్కనపెట్టింది. ఇప్పుడు ఒంటిని రెండు చేతులతో చుట్టి బొటనవేళ్లతో గానీ, ఒక అరచేతిలో మణికట్టు వైపు భాగంతో గానీ నొక్కమంటోంది.

తోటలో షాక్ కొడితే మాత్రం మనిషిని ముట్టుకోకముందే మెయిన్ ఆపాలి. పలకకుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే, ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు నొక్కడం మొదలుపెట్టాలి. చేతులు అలిసేలోపే, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి.