పరస్థలములో వాద్యముల కాపుదల: మన ఉత్తర కోస్తా చరిత్ర నుండి కొన్ని సంగతులు



నూట ముప్పది యేడవ కీర్తన మనకందరకు తెలిసినదే. బబులోను నదుల యొద్ద కూర్చుండిన చెరవారు తమ సితారాలను నిరవంజి చెట్లకు తగిలించిరి. ఆ కీర్తనను చదివి ప్రసంగించువారు చెరవారి కన్నీటిని గూర్చియు, సీయోను జ్ఞాపకమును గూర్చియు చెప్పుదురు. మేమును అనేక పర్యాయములు అట్లే చెప్పియున్నాము. అయితే అందులో ఒక చిన్న సంగతి కలదు. పట్టణము కాలి, ఇల్లు కూలి, వందల మైళ్ళు నడిపింపబడిన ఆ జనులు సితారాలను మాత్రము వెంట తెచ్చుకొనిరి. ఏటి ఒడ్డు నేల తేమగా నుండును. ఆ తేమలో కఱ్ఱయు నరమును ఎన్నాళ్ళో నిలువవు. పాడుటకు మనస్సు లేని దినమున సయితము వారు వాద్యమును నేలమీద పడవేయక కొమ్మకు తగిలించిరి. ఊరు విడిచి ఊరు పోవు ప్రతి సంగీతకారుడును నేటికిని చేయు పని అదియే.

ఈ శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయవలెనని పెద్దలు కోరినప్పుడు, భవనముల చరిత్రయు అధికారుల వరుసయు వ్రాయువారు ఇతరులు కలరు గనుక, శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో ఇల్లు విడిచి తిరిగిన వాద్యముల సంగతి వ్రాయుట మేలని తలంచితిమి. వీణకు పుట్టినిల్లు, సంగీత కళాశాలకు తొలి నెలవు అయిన ఈ సీమలో ఈ సంగతి చిన్నది కాదు. వాద్యము పగిలిన నాడు పాటకాని ఇంట పొయ్యి వెలుగదు. ఈ మాట మన పల్లెల జముకుల కథ వారిని అడిగినను చెప్పుదురు.

మొదట దారుల సంగతి. బెజవాడ నుండి కటకము వరకు తూర్పు కోస్తా రైలుమార్గము 1893, 1896 సంవత్సరముల మధ్య వేయబడినది. అంతకు పూర్వము ఈ సీమలో ప్రయాణమనగా ఎడ్లబండి, పల్లకి, లేదా కాలినడక. నాగావళి, వంశధార పొంగిన దినములలో అదియును లేదు. రైలు వచ్చిన తరువాత సయితము శ్రీకాకుళము పట్టణమునకు స్టేషను ఆమదాలవలసలో నున్నది. అక్కడ నుండి సుమారు 13 కిలోమీటర్లు బండిమీద పోవలెను. రైలులో క్షేమముగా వచ్చిన వాద్యము ఈ కొద్దిపాటి బండిదారిలో దెబ్బతినుట ఉండెడిది. మన కీర్తనల కవి పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) రైలు రాక పూర్వమే గంజాం, శ్రీకాకుళ ప్రాంతములలో వీధులలోను సంతలలోను పాడి బోధించిరి. ఆయన పాటలకు రాగతాళములు కీర్తనల పుస్తకములో నేటికిని ముద్రింపబడుచున్నవి. కంఠమే వాద్యమైన వానికి కాపుదల సులభమని మాకు తోచును, జలుబు చేయని పక్షమున.

ఇక బొబ్బిలి వీణ. దీనిని గూర్చి కొంత విపులముగా వ్రాయుట అవసరము. బొబ్బిలి పట్టణమునకు ఆనుకొనియున్న గొల్లపల్లి గ్రామములో సర్వసిద్ధి కుటుంబముల వారు తరతరములుగా వీణలు చేయుచున్నారు. కఱ్ఱ పనస. పెద్ద పనస మొద్దును తెచ్చి, కుండ, దండి, మెడ వేరు వేరుగా చేసి అతికింపక, ఒకే మొద్దు నుండి తొలచి తీయుదురు. అట్టి దానిని ఏకాండి వీణ అందురు. ఒకే కఱ్ఱ గనుక నాదము తెగక సాగునని సంగీతజ్ఞులు మెచ్చుకొందురు. యాత్రికుని దృష్టితో చూచిన ఇంకొక మేలు కూడ కలదు. అతుకులు గల వీణ ఎండకు, వానకు, బండి కుదుపులకు అతుకు వద్దనే మొదట విడిపోవును. ఏకాండికి ఆ భయము లేదు. అయితే దాని కష్టము దానికి కలదు. నాలుగడుగుల పొడవు గల ఒకే వస్తువును ముడుచుటకు వీలులేదు, విప్పుటకు వీలులేదు. విప్పగలిగినది మెడ క్రింద నుండు సొరకాయ బుఱ్ఱ ఒక్కటే. అనుభవము గలవారు ప్రయాణమునకు ముందు దానిని విప్పి గుడ్డలో చుట్టి వేరుగా పట్టుకొందురు. ఎండిన సొరకాయ గుడ్డు పెంకు వంటిది. దానిని బిగించియుంచి రైలు బల్లమీద పెట్టినచో, ప్రక్కవాని మోచేయి తగిలినను చాలును.

వీణకు అసలు శత్రువు దెబ్బకంటె వేడిమి. ఇరువది నాలుగు మెట్లును మైనము మీద నిలుపబడును. తేనెటీగల మైనమును మసితో కలిపి కాచి, దండికి ఇరువైపుల గట్లు కట్టి, ఆ గట్లమీద ఇత్తడి మెట్లను స్వరస్థానములు వినుచు అమర్చుదురు. దీనినే మేళము కట్టుట అందురు. ఇది చెవితో చేయు పని. కొలబద్దతో కాదు. వైశాఖ మాసమున విజయనగరము నుండి మద్రాసుకు రైలులో పోవు వీణకు పెట్టె గోడ వేడెక్కి మైనము మెత్తబడునేగాని, బయటికి ఏమియు కనబడదు. దిగి శ్రుతి చేసి వాయించినప్పుడు గాంధారము గాంధారము కాదు. వీణ పగులలేదు, తీగ తెగలేదు, అయినను వాద్యము పోయినది. అందుచేత పెద్దలు వీణను కిటికీ ప్రక్కన ఎండ తగులు చోట ఉంచనిచ్చెడివారు కారు. రాత్రి ప్రయాణమునే కోరుకొనెడివారు. బస చేసిన ఇంట వంటగది గోడకు చేర్చి నిలువనిచ్చెడివారు కారు.

విజయనగరములో మహారాజా పూసపాటి విజయరామ గజపతిరాజు గారు 1919లో విజయరామ గాన పాఠశాలను స్థాపించిరి. నేటి మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల అదియే. బొబ్బిలి దగ్గరి అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారు (1864-1945) మొదటి ప్రధానాధ్యాపకులు. హరికథను తెలుగునాట ఒక మహాకళగా నిలబెట్టిన ఆయన చిడతలు, గజ్జెలు పట్టుకొని ఊరూర తిరిగినవారు. ఈ రెండును దెబ్బలకు లొంగనివి. అందుకు హరికథకుడు అదృష్టవంతుడు. వెంట వచ్చు ఫిడేలు వాని పాట్లు వేరు.

ఆ పాఠశాలకు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు (1893-1964) విద్యార్థిగా చేరుదమని వచ్చి, వాయించి వినిపించగా, అధ్యాపకునిగానే నియమింపబడిరని మన ప్రాంతమున అందరు చెప్పుకొను సంగతి. 1936లో ఆయన ప్రధానాధ్యాపకులైరి. ఆ కాలములోనే విజయనగరము ఫిడేలుకు పేరుపొందిన ఊరైనది. ఫిడేలు మనకు వచ్చి అప్పటికి నూరేండ్లు దాటినది. దక్షిణాదిన బాలస్వామి దీక్షితులు గారు (1786-1859) దానిని మన సంగీతమునకు అలవాటు చేసిరి. అది చలిదేశములో పుట్టిన వాద్యము. దాని పలకలను తోలు జిగురుతో అతికింతురు. ఆ జిగురు బలహీనమైనదని కొందరు ఇక్కడ గట్టి బంకతో మరల అతికింపజేయుదురు. ఇది మా అభిప్రాయములో పొరబాటు పని. చేసినవాడు బుద్ధిపూర్వకముగానే ఆ జిగురు వాడినాడు. తేమకు కఱ్ఱ ఉబ్బినప్పుడు అతుకు విడిపోవలెను, పలక పగులకూడదు. విడిన అతుకును ఒక రూపాయి జిగురుతో సరిచేయవచ్చును. పగిలిన పలకను సరిచేయగలవారు ఏ జిల్లాలోనైనను వేళ్ళమీద లెక్కింపబడుదురు. ప్రయాణములో కమాను వెండ్రుకలను సడలించుటయు, తీగలను కొంచెము తగ్గించుటయు మంచిదే. అన్ని తీగలను ఒక్కసారి విప్పినచో గుఱ్ఱము పడును, దానితోబాటు లోపల నిలువుగా నిలబెట్టిన చిన్న పుల్లయు పడును. ఆ పుల్లను బయటనుండి మరల నిలుపుట పెద్ద పని.

ఈ పాఠశాలకు దూరప్రాంతముల నుండి వచ్చిన పేద విద్యార్థుల బ్రతుకు ఎట్టిదో ఘంటసాల వెంకటేశ్వరరావు గారి (1922-1974) బాల్యము చెప్పుచున్నది. కృష్ణాజిల్లా నుండి ఒంటరిగా వచ్చిన ఆ బాలుడు, తోటివారు చేసిన తప్పుకు బస పోగొట్టుకొని, జోలె కట్టి ఇంటింట మధుకరమెత్తి భుజించి చదువుకొనెను. ఆయనను చేరదీసిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారు. బస లేనివానికి వాద్యముండదు. ఉన్నను పెట్టుకొనుటకు చోటుండదు. తల దాచుకొనుటకు గోడ లేక తంబురను ఎక్కడ నిలుపును? అందుచేతనే పేద విద్యార్థులలో పెక్కుమంది గాత్రమునే ఎన్నుకొనిరని మా ఊహ. చదువు ముగిసి విజయనగరములో కచేరీలు చేయుచున్న దినములలో నారాయణదాసు గారు ఆయనకు తంబురను బహుమానముగా ఇచ్చిరి. శాలువకంటె, పతకముకంటె భారమైన బహుమానము అది. తీసికొన్నవాడు ఇకమీదట ఒక కప్పుక్రింద నిలువగలడని ఇచ్చినవాడు నమ్మియుండవలెను. 1942లో క్విట్ ఇండియా ఉద్యమములో పాల్గొని ఘంటసాల గారు అలీపురము జైలుకు వెళ్ళిరి. అక్కడకు ఏ వాద్యము వెంట రాదు.

సాలూరు సీతారామశాస్త్రి గారి పేరు వచ్చినది గనుక హార్మోనియము సంగతి చెప్పవలెను. ఆయన తానే హార్మోనియము వాయించుకొనుచు పాడువారు. గమకము పలుకదని పండితులు నిరసించిన పెట్టె అది. 1940లో ఆకాశవాణి దానిని నిషేధించి, 1971లో గాని ఆ కట్టుబాటును సడలింపలేదు. పారిస్ నగరములో అలెగ్జాండర్ డెబైన్ 1842లో పేటెంటు పొందిన కాలితొక్కుడు వాద్యమును కలకత్తా వారు పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున చేతితిత్తి పెట్టెగా మార్చిరి. నేలమీద కూర్చుండి వాయించుటకును, భుజముమీద మోయుటకును తగినదగుట చేత నాటకసమాజములకు, భజన మండలులకు, మన సంఘములకు అది ప్రియమైనది. మన గుడులలో హార్మోనియము చెడుటకు కారణము ప్రయాణముకంటె ప్రయాణము తరువాతి నిర్లక్ష్యము. కూటముల నుండి తిరిగి వచ్చిన రాత్రి అలసటతో పెట్టెను వేదిక ప్రక్కన నేలమీద వదలుదురు. తిత్తికి వాడిన తోలును, బంకను ఎలుక ఇష్టపడును. ఇత్తడి రీడ్ల మధ్య ఒక చిన్న పురుగు చేరినను ఆ స్వరము మూగవోవును, లేదా ఆగక మ్రోగును. తిత్తిని మూసి కొక్కెము వేసి, స్టాపులన్ని లోనికి నొక్కి, ఎత్తు బల్లమీద పెట్టుట రెండు నిమిషముల పని. పరాయి ఊరిలో బస చేసినప్పుడు హార్మోనియము ప్రక్కన ఎవరు పండుకొందురో సాయంకాలమే నిర్ణయించుకొనుట మేము ఎరిగిన పాత గాయక బృందముల పద్ధతి. నిర్ణయింపని రాత్రి అందరు కాచుచున్నారని అందరు తలంచి నిద్రింతురు.

మృదంగము వారికి ఇంకొక జాగ్రత్త. ఎడమ ప్రక్క తొప్పికి వాయించుటకు ముందు రవ్వముద్ద పెట్టుదురు. కచేరీ ముగియగానే దానిని గీకి తుడువవలెను. తుడువక సంచిలో పెట్టినచో తోలు మెత్తబడి చెడును, వాసనకు ఎలుకలు వచ్చును. తూర్పు భాగవతము ఆడు మన ప్రాంతపు మేళములలో మృదంగమే ప్రాణము గనుక, తెల్లవారువరకు ఆట ఆడి నిద్రకు తూలుచున్నను మద్దెలగాడు ఆ పని ముగించియే పండుకొనును.

పల్లె వాద్యముల కష్టము ఇంకను ఎక్కువ. వాటికి పెట్టెలు లేవు. తప్పెటగుళ్ళ వారు గుండ్రని తప్పెటను రొమ్మునకు కట్టుకొని జాతర నుండి జాతరకు పోవుదురు. జముకుల కథ వారు ఒక ప్రక్క తోలు మూసిన జముకు మధ్యనుండి లాగిన నరమును మీటుచు కథ చెప్పుదురు. తోలు వదులైనచో డప్పు వారు గడ్డిమంట వేసి కాచుకొందురు. వానలో మంట ఎక్కడ? ఆశ్వయుజ కార్తిక మాసములు జాతరలకును తుపానులకును ఒకే కాలము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతములో తీరము దాటినప్పుడు కొబ్బరి, జీడితోటలు కూలిన వార్త దేశమంతటికి తెలిసినది. ఇంటికప్పు ఎగిరిపోయిన చోట చూరున వ్రేలాడదీసిన డప్పు ఏమగునో ఎవరును లెక్క వ్రాయరు. నష్టపరిహారపు కాగితములలో పశువునకు గడి ఉండును, పడవకు ఉండును. వాద్యమునకు గడి ఉండినట్లు మేము చూడలేదు. పండుగ కాలపు సంపాదన మీద ఏడాది గడుపుకొను కుటుంబమునకు అది ఎద్దు పోయిన దానితో సమానము.

నేడు మన బిడ్డలు హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా పోవుచున్నారు. తంబురను మోయు అవసరము చాలమందికి తీరినది. 1980ల నాటికి బెంగుళూరులో తయారైన ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెలు వచ్చెను, ఇప్పుడు అదియు ఫోనులోనికి వచ్చినది. విప్పి మరల బిగించుకొను వీణలు కూడ దొరకుచున్నవి. పాత వీణ గలవారు మాత్రము ఒక సంగతి తెలిసికొనవలెను. దక్షిణాది పాత వీణలలో కొన్నిటికి ఏనుగు దంతపు చెక్కడము కలదు. ఆసియా ఏనుగు దంతమునకు 1975 నుండియు, ఆఫ్రికా ఏనుగు దంతమునకు 1989 నాటి తీర్మానముతోను అంతర్జాతీయ వాణిజ్యము నిషేధింపబడెను. తాతగారి వీణయని చెప్పినను విమానాశ్రయపు అధికారి కాగితమడుగును. కాగితము లేనిచో వీణ అక్కడనే నిలిచిపోవచ్చును.

గొల్లపల్లిలో ఇప్పుడు బహుమానములకు ఇచ్చు చిన్న బొమ్మవీణల పని ఎక్కువైనది. అవి పలుకవు గనుక ప్రయాణములో చెడవు. పెద్ద వీణకు మేళము కదలినచో, దూరదేశములో ఉన్నవారు సెలవులకు వచ్చినప్పుడు దానిని అక్కడికే తెచ్చుకొనుచున్నారు. పాత మైనమును గీకి, క్రొత్తది కాచి పోసి, ఒక్కొక్క మెట్టును విని విని నిలుపుటకు ఓపిక కావలెను. వచ్చువారు తిరుగు ప్రయాణపు టిక్కెట్టును మరునాటికే కొనుక్కొని రాకుండుట మంచిది. మైనము గట్టిపడి మెట్లు కుదురుకొనుటకు వీణను కొన్ని దినములు నీడపట్టున కదపక ఉంచవలసియుండును.