పిప్పిపళ్లు, పంటి చికిత్సలతో వచ్చే నోటి దుర్వాసన

నోటి దుర్వాసన చాలామందిలో నోట్లోనే పుడుతుంది. నాలుక వెనుక భాగంలోని పాచి, చిగుళ్ల జబ్బు దీనికి ముఖ్య కారణాలు. పిప్పిపళ్లు, సరిగా అమరని ఫిల్లింగులు, క్యాపులు, పళ్ల సెట్లు వాటి తరువాత వస్తాయి. గాలి తగలని సందుల్లో పెరిగే బ్యాక్టీరియా మాంసకృత్తులను కుళ్లబెట్టి హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టాన్ అనే గంధక వాయువులను వదులుతుంది. కుళ్లిన కోడిగుడ్డు కంపు మొదటిదానిది.

పంటి మీద చిన్న పుచ్చు పెద్దగా వాసన వేయదు. గుంత లోతై మెతుకులు ఇరుక్కుని, బ్రష్ అందకపోతే కంపు మొదలవుతుంది. పుచ్చు నరందాకా వెళితే పోటు. ఆ నరం చచ్చిపోయాక పోటు తగ్గుతుంది, రోగి నయమైందనుకుంటాడు. లోపల చీము మాత్రం వేరు కొసకు దిగుతూనే ఉంటుంది.

రూట్ కెనాల్ చేసిన పంటితో మరీ జాగ్రత్తగా ఉండాలి. నరం తీసేశారు గనుక క్యాపు కింద మళ్లీ పుచ్చినా నొప్పి తెలియదు, చాలాసార్లు వాసనే మొదటి హెచ్చరిక. క్యాపు అంచు దగ్గర సిమెంటు కరిగి సందు ఏర్పడితే లాలాజలం, తిండి లోపలికి చేరతాయి. అలాంటి క్యాపు ఊడదీస్తే అడుగున మెత్తబడిన నల్లటి పన్ను, ఘాటైన దుర్గంధం బయటపడతాయి. ఇంట్లో చూసుకోవాలంటే అనుమానమున్న పంటి పక్కన ఫ్లాస్ దారం పోనిచ్చి వాసన చూడాలి. ఒకే సందు దగ్గర ప్రతిసారీ కంపు కొడితే ఆ క్యాపును, ఆ చిగురును డాక్టరుకు చూపించాలి.

రూట్ కెనాల్ మధ్యలో ఆగిపోవడానికి దూరం కూడా ఒక కారణం. ఉదాహరణకు, నెల్లూరు జిల్లా నుంచి 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చిన నాయుడుపేటకు దంతవైద్య కళాశాలలు అటు నెల్లూరులో, ఇటు తిరుపతిలో ఉన్నాయి. రెండూ సుమారు 70 కి.మీ. దూరం. కూలి మానుకుని అంత దూరం పదేపదే తిరగాల్సినవారికి, పోటు తగ్గగానే మిగతా సిట్టింగులు మానేయాలనిపించడం సహజమే. కానీ మధ్యలో పెట్టే తాత్కాలిక సిమెంటు కొన్ని వారాలకు మించి నిలవదు. అందులో లవంగ నూనెలోని యూజినాల్ ఉండవచ్చు. ఆ వాసన ఉన్నంత మాత్రాన పన్ను బాగున్నట్టు కాదు.

మరో మాట. పళ్లపై గోధుమరంగు మచ్చలు తెచ్చే ఫ్లోరోసిస్‌ను భారతదేశంలో 1937లో మొదట నమోదు చేసింది నాటి నెల్లూరు జిల్లాలోనే. ఆ మచ్చలను పుచ్చనుకుని సిగ్గుపడేవాళ్లున్నారు. మచ్చకు వాసన ఉండదు.

పన్ను పీకించుకున్న రెండు మూడు రోజులకు పోటు పెరిగి, నోరు కంపు కొడితే గుంతలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయిందని అనుమానించాలి. పొగతాగేవారిలో ఇది ఎక్కువ. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తీసిపెట్టుకునే పళ్ల సెట్టును రాత్రి తీసి, తోమి, మామూలు నీళ్లలో ఉంచాలి. వేడినీళ్లకు వంకరపోతుంది.

సోంపు, లవంగం, మౌత్‌వాష్ వాసనను కొద్దిసేపు కప్పుతాయి, అంతే. పుచ్చు తీసి నింపడం, క్యాపు మార్చడం, నిలవని పన్ను పీకడం అసలు చికిత్సలు. పళ్లు, చిగుళ్లు, నాలుక శుభ్రంగా ఉన్నా వాసన పోకపోతే టాన్సిళ్లలో గడ్డలు, సైనస్, అదుపు తప్పిన మధుమేహం ఉన్నాయేమో వైద్యుడు పరీక్షిస్తాడు.