శవం ఎవరి సొత్తు?

ఒక చిన్న ప్రశ్న. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో మీరు లండన్లో ఉన్నారనుకోండి. అర్ధరాత్రి శ్మశానానికెళ్ళి, పొద్దున్నే పూడ్చిన సమాధి తవ్వి, పెట్టె మూత పగలగొట్టి, లోపలున్న శవాన్నీ దానికి చుట్టిన గుడ్డనీ పట్టుకుపోతూ దొరికిపోయారు. ఈ రెండిట్లో దేనికి ఎక్కువ శిక్ష పడుతుంది?

గుడ్డకి. జోకు కాదండీ, నిజంగానే. గుడ్డ ఒకరి ఆస్తి కాబట్టి దాన్ని తీసుకుంటే దొంగతనం. శవం చట్టం దృష్టిలో ఎవరి ఆస్తీ కాదు. ఎవరిదీ కానిదాన్ని దొంగిలించడం అనే మాటకే అర్థం లేదు కదా! 1788లో ఒక కేసులో కోర్టువారు ఆలోచించి ఆలోచించి, సమాధిలోంచి శవాన్ని ఎత్తుకుపోవడం సభ్యతకి విరుద్ధం కాబట్టి చిన్నపాటి నేరం అవుతుందని తేల్చారు. అందుకే ఈ వృత్తిలో ఆరితేరినవాళ్ళు శవాన్ని బయటికి లాగాక ఒంటిమీద బట్టలన్నీ విప్పి, జాగ్రత్తగా మళ్ళీ పెట్టెలో పడేసి, మట్టి కప్పి వెళ్ళేవాళ్ళు. స్పెక్‌లో ఉన్న లొసుగుని ఇంత శ్రద్ధగా వాడుకున్న యూజర్లని నేనింకెక్కడా చూళ్ళేదు :)

ఈ శవాలు కొనేదెవరయ్యా అంటే డాక్టర్లు. శరీరం కోసి చూడకపోతే వైద్యం నేర్చుకోవడం కుదరదు. కోయడానికి చట్టబద్ధంగా దొరికేవేమో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1540లో ఎనిమిదో హెన్రీ మంగలి-శస్త్రవైద్యుల సంఘానికి (అవును, అప్పట్లో రెండిటికీ ఒకటే సంఘం) ఏడాదికి నాలుగు ఉరిపడ్డ శవాలు ఇమ్మన్నాడు. 1752లో ఇంకో చట్టం వచ్చింది. హంతకుణ్ణి ఉరితీస్తే సరిపోదు, వాడి శవాన్ని కోతకివ్వాలి, లేదా గొలుసులతో వేలాడదీయాలి, అంతేగానీ పూడ్చనివ్వకూడదని.

నన్నడిగితే తర్వాత జరిగిన అనర్థం అంతటికీ మూలం ఇక్కడుంది. కోత అనేది చావుకన్నా ఎక్కువ శిక్ష అని ప్రభుత్వమే చట్టం రాసి మరీ జనానికి నేర్పింది. ఎనభై ఏళ్ళపాటు నేర్పింది. ఆ తర్వాత ఒకరోజు తనే వచ్చి, "అబ్బే, ఇది శాస్త్రం కోసం, తప్పేం లేదు" అంటే ఎవరు నమ్ముతారు?

సరే, గిరాకీ పెరిగింది, సరఫరా లేదు. మధ్యలో దళారులు పుట్టారు. చచ్చినవాళ్ళని 'లేపే' పని కాబట్టి వాళ్ళకి రిసరక్షన్ మెన్ అని వెటకారంగా పేరు. డబ్బున్నవాళ్ళు ఇనప పెట్టెలు కొనుక్కున్నారు. స్కాట్లాండ్‌లో సమాధుల మీద బిగించిన ఇనప పంజరాలు ఇప్పటికీ కొన్ని చోట్ల కనిపిస్తాయి. లేనివాళ్ళు రాత్రుళ్ళు వంతులవారీగా కాపలా కాశారు, శవం కుళ్ళి పనికిరాకుండా పోయేదాకా. కన్నతల్లి శవం త్వరగా కుళ్ళిపోవాలని కోరుకునే పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అని ఇద్దరు దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళారు. 1827లో హేర్ ఇంట్లో అద్దెకున్న ముసలాయన నాలుగు పౌండ్ల బాకీ ఉంచి జబ్బుచేసి పోయాడు. బాకీ రాబట్టుకోడానికి శవాన్ని డాక్టర్ రాబర్ట్ నాక్స్ దగ్గర అమ్మితే ఏడున్నర పౌండ్లొచ్చాయి. తవ్వే శ్రమ కూడా లేదు. తర్వాతి ఏడాదిలో పదహారుమందిని చంపి అమ్మారు. దొరికాక హేర్ అప్రూవర్‌గా మారి బయటపడ్డాడు. బర్క్‌ని 1829 జనవరిలో ఉరితీసి, చట్టప్రకారం కోతకిచ్చారు. వాడి అస్థిపంజరం ఎడిన్‌బరో యూనివర్సిటీ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. నాక్స్ మీద కేసే లేదు.

అప్పటికే, 1828లో, పార్లమెంటు ఒక కమిటీ వేసింది, హెన్రీ వార్‌బర్టన్ అధ్యక్షతన. దాని ముందు ఆ కాలపు పేరుమోసిన సర్జన్ ఆస్ట్లీ కూపర్ ఇచ్చిన సాక్ష్యం చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. మనిషి ఎంత హోదాలో ఉన్నవాడైనా సరే, తను కావాలనుకుంటే అతని శవాన్ని తెప్పించుకోగలడట! చట్టం ధరని పెంచుతుందే తప్ప తవ్వకాన్ని ఆపలేదట! అంటే భయం పెద్దింటి గడప కూడా తొక్కింది. పెద్దలకి భయం పట్టుకుంటే చట్టాలు త్వరగా కదులుతాయి కదా. మొదటి బిల్లు 1829లో ప్రభువుల సభ దాకా వెళ్ళి ఆగిపోయింది. 1831 చివర్లో లండన్లోనే బిషప్, విలియమ్స్ అనేవాళ్ళు ఒక కుర్రాణ్ణి చంపి కాలేజీకి అమ్మబోతూ దొరికారు. దాంతో 1832 ఆగస్టులో అనాటమీ చట్టం వచ్చేసింది.

చట్టం ఏం చెప్పింది? హంతకుల శవాలు కొయ్యక్కర్లేదు. ఒక శవం ఎవరి 'చట్టబద్ధమైన అధీనంలో' ఉంటే వాళ్ళు దాన్ని లైసెన్సున్న అనాటమీ స్కూలుకి ఇవ్వొచ్చు. వద్దని చచ్చినవాడు ముందే రాతపూర్వకంగా గానీ, ఆఖరి జబ్బులో ఇద్దరు సాక్షుల ముందు నోటిమాటగా గానీ చెప్పి ఉంటే, లేదా దగ్గరి బంధువు అడ్డుచెబితే ఇవ్వకూడదు. పైకి ఎంత బాగుందో చూడండి. ఎక్కడా 'పేద' అన్న మాట లేదు.

ఇప్పుడు దీన్ని రన్ చేసి చూద్దాం. చావగానే శవం బంధువుల చేతుల్లో కాకుండా ఒక సంస్థ అధీనంలో ఉండేది ఎవరికి? వర్క్‌హౌస్‌లో, అంటే సర్కారు వారి బీదల కొట్టంలో పోయినవాడికి. ధర్మాసుపత్రిలో పోయినవాడికి. వద్దని రాసిపెట్టుకోలేనిది ఎవరు? చదువురానివాడు. రెండ్రోజుల్లో వచ్చి శవాన్ని తీసుకెళ్ళి పూడ్చే స్తోమత లేని బంధువులు ఎవరికి ఉంటారు? మళ్ళీ వాడికే. సెట్టింగు పేజీలో 'వద్దు' అనే ఆప్షను ఉంది, అక్కడిదాకా వెళ్ళే దారి మాత్రం వాడికి లేదు. నిన్నటిదాకా హత్యకి వేసిన శిక్ష ఈరోజు నుంచి బీదరికానికి పడింది. రూత్ రిచర్డ్‌సన్ అనే చరిత్రకారిణి 1987లో దీనిమీద ఒక పెద్ద పుస్తకమే రాశారు. ఆవిడ వాదనకి సారం ఇదే.

చట్టాన్ని సమర్థించినవాళ్ళ లెక్క ఏమిటంటే, ప్రజల సొమ్ముతో బతికినవాడు చచ్చాక ప్రజలకి పనికిరావాలి కదా అని. పైగా పారిష్‌కి పూడ్చే ఖర్చూ మిగులుతుంది. దీనికి హెన్రీ హంట్ అనే సభ్యుడు కామన్స్‌లో ఇచ్చిన జవాబు నాకు తెగ నచ్చింది. అలాగైతే ముందు రాజులని కోయండి, వాళ్ళ అంత్యక్రియలకి లక్షల పౌండ్ల ప్రజాధనం మిగులుతుంది, తర్వాత వంశపారంపర్య ప్రభువులని కోయండి, ఆపైన బిషప్పులని, అన్నాడు. లాజిక్కులో ఎక్కడా తప్పు పట్టలేం. ఎవరూ పట్టించుకోలేదనుకోండి.

మరి ఖర్చు మిగిలిందా? ఖజానా పద్దులో మిగిలే ఉంటుంది. పద్దులోకి ఎక్కని ఖర్చు ఒకటుంది. చట్టం వచ్చిన నెలకే, 1832 సెప్టెంబరులో, మాంచెస్టర్ కలరా ఆసుపత్రిలో ఒక పసివాడు పోయాడు. తాతకి అనుమానమొచ్చి పెట్టె తెరిపిస్తే తల ఉండాల్సిన చోట ఇటుక ఉంది. వేలమంది జనం ఆసుపత్రి మీద పడ్డారు. 1835లో షెఫీల్డ్‌లో వైద్య పాఠశాలనే ధ్వంసం చేశారు. కలరా రోజుల్లో జనం ఆసుపత్రికి రావడానికి భయపడితే ఆ నష్టాన్ని ఏ పద్దులో రాస్తారు? రోజుకూలీలు తిండి తగ్గించుకుని వారానికో పెన్నీ చొప్పున అంత్యక్రియల చీటీలు కట్టారు. పిల్లలకి పాలకి లేకపోయినా చావు చీటీ మాత్రం ఆపలేదు. బయటివాళ్ళు దాన్ని మూర్ఖత్వం అన్నారు. నాకైతే అది వాళ్ళకి అందుబాటులో ఉన్న ఒకే ఒక ఇన్సూరెన్సులా కనిపిస్తుంది.

ఇక 1858 నాటి ఫైస్ట్ కేసు. లండన్లో న్యూయింగ్టన్ వర్క్‌హౌస్ అధికారి ఇతను. చచ్చినవాడి బంధువులకి పెట్టె చూపించి, అంతిమయాత్ర కూడా జరిపించి, తీరా పూడ్చింది వేరే శవాన్ని. అసలు శవం గైస్ ఆసుపత్రికి పోయేది, ఇతనికి ముట్టేది ముట్టేది. జ్యూరీ దోషి అంది. పైకోర్టు కొట్టేసింది! ఎందుకటా? బంధువులు 'కోయొద్దు' అని నిర్దిష్టంగా కోరలేదట. పూడుస్తున్నారని కళ్ళారా చూస్తూ నమ్మినవాళ్ళు కోయొద్దని ఎందుకు అడుగుతారు మహానుభావా? అక్షరం గెలిచింది, అంతే.

అన్నట్టు, తన ఒళ్ళు తనే రాసిచ్చినవాడూ ఒకడున్నాడు ఆ కాలంలో. తత్వవేత్త జెరెమీ బెంథామ్. చట్టం రావడానికి రెండు నెలల ముందు, 1832 జూన్‌లో పోయాడు. చెప్పినట్టే స్నేహితుడైన సౌత్‌వుడ్ స్మిత్ చేత కోయించుకున్నాడు. బట్టలేసి కూర్చోబెట్టిన ఆయన అస్థిపంజరం లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఉంది. భయం పోగొట్టడానికి అదొక దారి. పైనున్నవాళ్ళు నలుగురు ముందుకొస్తే కింద ఉన్నవాళ్ళకి ధైర్యం వచ్చేదేమో. వెనకాల వచ్చినవాళ్ళు తక్కువ. చచ్చినవాడి స్వంత రాతపూర్వక అంగీకారం లేకుండా అనాటమీ కోత కుదరదని బ్రిటన్ చట్టం చెయ్యడానికి 2004 దాకా పట్టింది, అదీ ఆల్డర్ హే ఆసుపత్రిలో చచ్చిన పిల్లల అవయవాలు తల్లిదండ్రులకి చెప్పకుండా దాచుకున్న సంగతి బయటపడి గోలయ్యాక.

మన దగ్గర ఆ పాత నమూనా ఇంకా నడుస్తోంది. 1949 నాటి బొంబాయి చట్టం మొదలుకుని మన రాష్ట్రాల అనాటమీ చట్టాలన్నిట్లోనూ కీలకపదం ఒకటే: ఎవరూ అడగని శవం. అనాథ ప్రేతానికి సంస్కారం చేస్తే కోటి యజ్ఞాల ఫలం అనే దేశంలో, దిక్కులేని శవం మెడికల్ కాలేజీకి పోతోంది. డాక్టర్లు నేర్చుకోవాలి, నేను కాదనను. 2024 సెప్టెంబరులో సీతారాం ఏచూరి పోయినప్పుడు కుటుంబం ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చింది. అది ఒక మనిషి గురించి ఇంటివాళ్ళు తీసుకున్న నిర్ణయం. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వలసపోయి, ఎక్కడో భాషరాని ఊళ్ళో రైలుపట్టాల పక్కన చచ్చిపోయిన కూలీ సంగతి వేరు. ఊళ్ళో పెళ్ళాం ఫోను కోసం చూస్తూనే ఉంటుంది. ఆవిడ శవాన్ని అడగలేదు నిజమే. అడగాలని ఆవిడకి చెప్పిందెవరు?