యంత్రములందుఁ దెలుఁగు పాఠసంక్రమణము

లేఖకుల చేతులలోఁ బాఠము మాఱుట పండితు లెఱిఁగినదే; కంప్యూటరునందును నట్టి యాపద కలదు. ఒక యనువర్తనము పాఠమును బలు రూపముల నందించును. గ్రహించునది తా నెఱిఁగిన రూపమునే కైకొనును. విండోసునందు 1వ రూపము సామాన్యపాఠము, 13వది యూనికోడ్ పాఠము. 1998లో వెలువడిన జావా 1.2 ఇట్టి యంత్రరూపములకును దన నామములకును నడుమ నొక పట్టిక నేర్పఱచెను.

1991లోనే యూనికోడ్ తెలుఁగునకు 128 స్థానములను నియమించెను. అయినను ముద్రణకై పుట్టిన పెక్కు ఖతులు ఆంగ్లాక్షరముల స్థానములందుఁ దెలుఁగు రూపములను నిలిపినవి. అట్టి పాఠము చెడక చేరినను, ఖతి లేనిచోట నర్థములేని యాంగ్లాక్షరములే కనఁబడును. మామిడికిఁ బేరొందిన నూజివీట 2008లో నెలకొన్న సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణమునఁ జదువు విద్యార్థి యా గ్రంథమునఁ దెలుఁగు పదమును వెదకినను దొరకదు. కావున ఖతులు నశింపకమున్నే ప్రతిదానికిని వర్ణసమన్వయపట్టికను వ్రాసి భద్రపఱచుట పరిష్కర్తల విధి.