కాలి పునర్నిర్మాణ శస్త్రచికిత్స (ఖమ్మం – భద్రాచలం అటవీ ప్రాంతం)

ఎముక ముక్కలై, కండ చిరిగి, రక్తనాళాలు తెగిన కాలును తీసేయకుండా నిలబెట్టే శస్త్రచికిత్సలకు ఇది ఉమ్మడి పేరు. గోదావరి ఒడ్డున ఈ అటవీ సీమలో అటువంటి గాయాలు రహదారి ప్రమాదాల వల్ల, సింగరేణి భూగర్భ గనుల్లో పైకప్పు కూలడం వల్ల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల్లో పాతిన మందుపాతరల వల్ల కలుగుతాయి. కట్టెలకో వెదురుకో వెళ్ళినవారూ మందుపాతరల బారిన పడ్డారు.

పూర్వరంగం. సుశ్రుత సంహిత ఎముక విరుపులను 12 విధాలుగా, కీళ్ళు తొలగడాన్ని 6 విధాలుగా చెప్పి, వెదురుతో, చెట్టు బెరడుతో కట్టు కట్టమంది. పసరు పూసి వెదురు దబ్బలతో కట్టడం మన్యంలో నేటికీ ఉంది. చర్మం చిట్లని విరుపుకు అది సరిపోవచ్చు గానీ, తెరుచుకున్న గాయం మీద బిగించిన కట్టు కాలికే ముప్పు. నుజ్జయిన కాలిని నిలబెట్టే విషయంలో నడుమ శతాబ్దాల్లో పెద్ద మార్పు లేదు. 1888, 1889లలో వైద్యుడు ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో జరిపించిన క్లోరోఫాం మత్తుమందు పరీక్షలు ప్రపంచం దృష్టికి వచ్చిన నాటికీ, నుజ్జయిన కాలికి వైద్యుడి మొదటి ఆలోచన కోసేయడమే.

ఇలిజరోవ్ పద్ధతి. ఈ చరిత్రలో అన్నిటికన్నా అందమైన ఘట్టం సైబీరియాలోని కుర్గాన్‌లో జరిగింది. అక్కడి వైద్యుడు గవ్రీల్ ఇలిజరోవ్ 1950ల తొలినాళ్ళలో ఎముకలోకి సన్నని తీగలు దూర్చి, వాటిని కాలి చుట్టూ ఉన్న లోహపు వలయాలకు బిగించాడు. ఎముకను ఒకచోట కోసి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున, దాన్నీ నాలుగు విడతలుగా ఎడం చేస్తే ఆ ఖాళీలో కొత్త ఎముక పుడుతుందని చూపాడు. 1964 ఒలింపిక్స్‌లో హైజంప్ విజేత వలేరీ బ్రూమెల్ మరుసటి ఏడే మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎన్నో శస్త్రచికిత్సల తరువాత అతను చేరింది ఇలిజరోవ్ దగ్గరికే. ఇటలీ పర్వతారోహకుడు కార్లో మావురి 1980లో అక్కడ నయమై వెళ్ళాడు. 1981లో ఇటలీలోని బెల్లాజియో సభతో ఈ పద్ధతి పశ్చిమ దేశాలకు తెలిసింది.

ఎముకతో పాటు పైగాయమూ ముఖ్యమే. వైద్యులు గస్టిలో, ఆండర్సన్ 1976లో చర్మం చిట్లిన ఎముక విరుపులకు తీవ్రతను బట్టి తరగతులు ఏర్పరిచారు. మోకాలి కింది ఎముక ముందువైపు చర్మం తప్ప మరే కప్పూ లేదు. అందుకే అక్కడ చర్మం పోతే పిక్క కండను తిప్పి కప్పుతారు. చీలమండకు దగ్గరైతే, శరీరంలో మరోచోటి కండను రక్తనాళాలతో సహా తెచ్చి సూక్ష్మదర్శిని కింద కుడతారు. మందుపాతర గాయంలో మట్టి, గుడ్డ పేలికలు కండల మధ్య పైదాకా చొచ్చుకుపోతాయి. కాబట్టి పదేపదే శుభ్రం చేయనిదే దాన్ని మూయరు.

ఈ ప్రాంతంలో. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. వరంగల్ కాకతీయ వైద్య కళాశాల మొదలైందీ ఆ ఏడే. 1965లో గోదావరి మీద వంతెన వచ్చేదాకా క్షతగాత్రుడు పడవలో ఏరు దాటాల్సిందే. ధమని తెగిన కాలికి దాదాపు ఆరు గంటలే గడువు. లోపలి గూడేల నుంచి జెట్టీ (డోలీ) కట్టి రోడ్డుదాకా మోసుకురావడంతోనే అందులో ఎంతో కరిగిపోతుంది. 2005లో 108 అంబులెన్సులు, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాయి. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. అయినా కండ మార్పిడి వంటి పనులకు ఎక్కువమంది వెళ్ళేది వరంగల్‌కో, భద్రాచలానికి దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకో.

కాలు దక్కనప్పుడు మోకాలినైనా మిగల్చడానికి చూస్తారు. 1968లో రామచంద్ర శర్మ, పి.కె. సేఠీ రూపొందించిన కృత్రిమ పాదమైన జైపూర్ పాదానికి చెప్పు అక్కర్లేదు. దాంతో గొంతుక్కూర్చోవచ్చు, వరి మడిలోనూ దిగవచ్చు.